రైజోబియం కల్చర్: అపరాల రైతులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

జూన్‌లో కంది, పెసర విత్తే ముందు ఒకసారి, అక్టోబరులో శనగకు ఒకసారి, మాగాణి మినుము చల్లే రోజుల్లో ఇంకోసారి ఫోన్లు మొదలవుతాయి. అడిగే మనుషులు మారుతుంటారు కానీ సందేహాలు మాత్రం దాదాపు అవే. మాది గుంటూరు జిల్లా, మెట్టలో శనగ, మాగాణిలో మినుము వేస్తాం. పప్పుజాతి విత్తనాలకు పట్టించే ఈ రైజోబియం కల్చర్‌ను ఏళ్లుగా వాడుతూ, తప్పులు చేస్తూ, తెలిసినవాళ్లను అడుగుతూ నేర్చుకున్నదంతా ఇక్కడ పెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## కొనాలా వద్దా అనుకునేటప్పుడు

అసలు ఆ ప్యాకెట్లో ఏముంటుంది? ఎరువా, మందా?

రెండూ కాదు. అందులో ఉండేది ప్రాణమున్న బ్యాక్టీరియా. ఆ నల్లటి పొడి లిగ్నైటో, పీటో, బొగ్గుపొడో అయి ఉంటుంది, అది బ్యాక్టీరియాకు ఇల్లు మాత్రమే. గాలిలో 78 శాతం నత్రజనే ఉన్నా మొక్క దాన్ని నేరుగా తీసుకోలేదు. రైజోబియం పప్పుజాతి మొక్కల వేర్లలోకి చేరి బుడిపెలు కట్టి, లోపలికి వచ్చిన గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే అమ్మోనియాగా మారుస్తుంది. అందుకు బదులుగా మొక్క తన ఆకుల్లో తయారైన చక్కెరలను దానికి పెడుతుంది. చచ్చిన కల్చర్ వేస్తే ఉత్త బొగ్గుపొడి వేసినట్టే, అందుకే కొన్న దగ్గర నుంచి సాల్లో పడేదాకా దాన్ని బతికించుకోవడమే మన పని.

ఇది ఈమధ్య కంపెనీలు మొదలుపెట్టిన వ్యాపారం కాదు కదా?

కాదండీ. పప్పుజాతి మొక్కలు గాలి నత్రజనిని వాడుకునేది వేరు బుడిపెల వల్లనేనని జర్మనీ శాస్త్రవేత్తలు హెల్రీగెల్, విల్‌ఫార్త్ 1888లో వెల్లడించారు. అదే ఏడాది నెదర్లాండ్స్‌కు చెందిన బైయరింక్ ఆ బ్యాక్టీరియాను విడదీసి పెంచాడు. 1896 నాటికే జర్మనీలో నోబె, హిల్ట్‌నర్ దీన్ని నైట్రాజిన్ పేరుతో అమ్మకానికి తెచ్చారు. అంటే యూరియా ఫ్యాక్టరీల కంటే పాత సంగతి. మన దేశంలో 2006లో ఇలాంటి బతికున్న బ్యాక్టీరియా ప్యాకెట్లను కూడా జీవన ఎరువుల పేరుతో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చి నాణ్యత ప్రమాణాలు పెట్టారు.

మా చేలో ఏళ్లుగా కంది వేస్తున్నాం, నేలలో ఆ బ్యాక్టీరియా ఉండదా? మళ్లీ కొనడం ఎందుకు?

ఉంటుంది, కాదనను. అయితే ఉన్నదంతా మంచిది కాదు. నేలలో పాతుకుపోయిన రకాల్లో కొన్ని బుడిపెలైతే కడతాయి గానీ నత్రజని సరిగా ఇవ్వవు, తిండి తిని పని చేయని పాలేరు లాంటివి. పైగా మన ఎండాకాలంలో, ముఖ్యంగా సేంద్రియ పదార్థం తక్కువున్న ఎర్ర నేలల్లో, వాటి సంఖ్య బాగా పడిపోతుంది. విత్తనానికి పట్టిస్తే మంచి రకం బ్యాక్టీరియా మొలకెత్తే వేరు పక్కనే వేల సంఖ్యలో ఉంటుంది కాబట్టి ముందుగా చోటు పట్టుకుంటుంది. నా మాట అడిగితే, ఏటా అదే పంట వేసి బుడిపెలు బాగా కడుతున్న చేలో పెద్ద తేడా కనబడకపోవచ్చు. కొత్తగా ఆ పంట వేస్తున్న చేలో, మూడు నాలుగేళ్ల విరామం తర్వాత వేస్తున్న చేలో, వరి తర్వాత వేసే చేలో మాత్రం మానొద్దు.

ఏ పప్పు పంటకైనా ఒకే ప్యాకెట్ సరిపోతుందా?

సరిపోదు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ఒక్కో బ్యాక్టీరియా కొన్ని పంటలతోనే జత కడుతుంది. కంది, పెసర, మినుము, అలసంద, వేరుశనగ ఒక గుంపు, వీటికి బ్రాడీరైజోబియం జాతివి కుదురుతాయి. శనగ దారి వేరు, దానికి మీసోరైజోబియం కావాలి, కంది ప్యాకెట్ తెచ్చి శనగకు పట్టిస్తే డబ్బు, శ్రమ రెండూ వృథా. సోయాచిక్కుడుకు బ్రాడీరైజోబియం జపానికం అనే ప్రత్యేక జాతి ఉంది. సోయా మన నేలలకు పాత పంట కాదు, అందుకే ఆదిలాబాద్, నిజామాబాద్ వైపు కొత్తగా సోయా వేసే చేలో ఆ బ్యాక్టీరియా ఉండదనుకునే నడుచుకోవాలి. బఠానీ, మసూర్ మరో గుంపు. కాబట్టి షాపులో "రైజోబియం ఇవ్వండి" అనకండి, "శనగ రైజోబియం ఇవ్వండి" అని పంట పేరు చెప్పి అడగండి, ప్యాకెట్ మీద ఆ పంట పేరు చదివాకే డబ్బులివ్వండి.

మాది ఏజెన్సీ, రాజ్మా వేస్తాం. దానికీ పట్టిస్తే యూరియా తగ్గించొచ్చా?

రాజ్మా పప్పుజాతే అయినా బుడిపెలు కట్టడంలో చాలా వెనకబాటు. అందుకే దానికి మిగతా అపరాల కంటే నత్రజని ఎరువు ఎక్కువ సిఫారసు చేస్తారు. రాజ్మా రైజోబియం దొరికితే పట్టించండి, ఆ ధైర్యంతో ఎరువు మాత్రం కోసేయకండి.

కల్చర్ పట్టిస్తే యూరియా, డీఏపీ పూర్తిగా మానేయొచ్చా?

అపరాలకు మామూలుగా చెప్పేది ఎకరాకు 8 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం. యాభై కిలోల డీఏపీ కట్టలో నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు ఉంటాయి, అంటే ఒక్క కట్టతో రెండూ తీరిపోతాయి. ఆ కొంచెం నత్రజని మొదటి మూడు వారాలకు, బుడిపెలు ఇంకా పనిలోకి దిగని రోజులకు. భాస్వరం తగ్గించకండి, నత్రజని పట్టే పనికి చాలా శక్తి ఖర్చవుతుంది, భాస్వరం లేని చేలో బుడిపెలు చిన్నగా, తక్కువగా ఉంటాయి. మానేయాల్సింది దాని మీద మళ్లీ చల్లే యూరియా. నేలలో నత్రజని పుష్కలంగా దొరుకుతుంటే మొక్క బుడిపెలు కట్టుకోదు, కొని తెచ్చిన కల్చర్‌ను మన చేత్తోనే పనికిరాకుండా చేసుకున్నట్టవుతుంది.

మేం పేడ, ఆవు మూత్రంతో చేసే జీవామృతం వాడుతున్నాం, అందులో పప్పు పిండి కలుపుతాం కదా, మళ్లీ రైజోబియం ఎందుకు?

రైజోబియం ఉండేది వేరు బుడిపెల్లో, నేలలో. గింజల పిండిలో ఉండదు. గుప్పెడు గట్టు మట్టి వేస్తారు కాబట్టి దాంతో కొంత వస్తే రావచ్చు, మీ పంటకు సరిపడే రకమే, సరిపడినంత వస్తుందన్న భరోసా లేదు. జీవామృతం మానమని చెప్పడం లేదు, రెండూ వాడుకోవచ్చు.

పోయినేడు బాగా కాసిన చేను మట్టి తెచ్చి కొత్త చేలో చల్లితే పోదా?

కల్చర్లు రాకముందు యూరప్, అమెరికాల్లో రైతులు ఇదే చేసేవారు, పనిచేసేది కూడా. బండ్లకొద్దీ మట్టి మోయాలి, పైగా ఆ మట్టితో ఎండుతెగులు శిలీంద్రం, నులిపురుగులు, కలుపు గింజలు అన్నీ వస్తాయి. కందిలో, శనగలో ఎండుతెగులు ఒకసారి చేలోకి వస్తే ఏళ్ల తరబడి పోదు. ప్యాకెట్ కొనడమే మేలు.

## కొనేటప్పుడు, ఇంట్లో దాచేటప్పుడు

ఎక్కడ కొనాలి?

వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిశోధనా స్థానాలు, కృషి విజ్ఞాన కేంద్రాల్లో ముందు అడగండి. మా వైపు అమరావతి వ్యవసాయ పరిశోధనా స్థానంలో జీవన ఎరువుల మీద పని జరుగుతుంది. మీ ఊరి రైతు సేవా కేంద్రంలోనో, తెలంగాణలో అయితే వ్యవసాయ విస్తరణ అధికారికో విత్తడానికి నెల ముందే చెప్పి పెట్టుకోండి. సీజన్ మొదలయ్యాక వెతికితే అప్పటికి మిగిలినవే దొరుకుతాయి. ప్రైవేటు షాపులో కొన్నా తప్పు లేదు, బిల్లు మాత్రం అడిగి తీసుకోండి.

ప్యాకెట్ మీద ఏమేం చూడాలి?

పంట పేరు, బ్యాక్టీరియా పేరు, తయారైన తేదీ, గడువు తేదీ, బ్యాచ్ నంబరు, బ్యాక్టీరియా సంఖ్య. నిబంధనల ప్రకారం పొడి రూపంలో అయితే గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవ రూపంలో అయితే మిల్లీలీటరుకు కనీసం 10 కోట్లు బతికున్న కణాలుండాలి. ఆ అంకెను మనం కంటితో తేల్చలేం కానీ తేదీలు చూడగలం. ఒకసారి నాకు అంటగట్టిన ప్యాకెట్ల మీద గడువు తేదీ పైన ఇంకో స్టిక్కర్ అంటించి ఉంది, ఇంటికొచ్చాక గోటితో గీకితే పాత తేదీ బయటపడింది. అప్పటి నుంచి షాపులోనే వెలుతురులోకి తీసుకొచ్చి చూస్తున్నాను. ఇంకోటి, పొడి ప్యాకెట్ పట్టుకుంటే లోపల కొద్దిగా చెమ్మ తెలియాలి. పూర్తిగా ఎండి గలగలలాడుతుంటే తీసుకోకండి.

పొడి మంచిదా, ద్రవమా?

ద్రవ రూపం ఎక్కువ కాలం నిలవ ఉంటుంది, కొంచెం వేడిని తట్టుకుంటుంది, బెల్లం పాకం కాచే పని ఉండదు. పొడి చౌక, విత్తనానికి పొరలా బాగా అంటుకుంటుంది. రెండింట్లో ఏది తాజాగా దొరికితే దాన్ని కొనండి. తయారై నెల కూడా కాని పొడి, గడువు చివర్లో ఉన్న సీసా పక్కపక్కన ఉంటే నేను పొడే తీసుకుంటాను.

ఫ్రిజ్‌లో పెట్టాలా?

అక్కర్లేదు. ఇంట్లో చల్లగా, నీడగా ఉండే గది చాలు, కుండల పక్కన నేల మీద పెట్టినా సరే. వద్దన్నవి ఇవి: రేకుల షెడ్డు, కిటికీ పక్క, ఎరువుల కట్టల మీద, పురుగుమందుల అలమర. నలభై డిగ్రీలు దాటిన వేడిలో బ్యాక్టీరియా గంటగంటకూ తగ్గిపోతుంది. కొన్నాక దారిలో కూడా జాగ్రత్త. ఒక జూన్‌లో నేను ప్యాకెట్లను బండి డిక్కీలో పెట్టి, వేరే పని మీద టౌన్లో మధ్యాహ్నమంతా ఎండలో బండి ఆపేశాను. ఆ ఏడు పెసర చేలో వేరు తవ్వి చూస్తే పట్టించిన సాళ్లకు, పట్టించని సాళ్లకు తేడానే లేదు. ఇప్పుడు తడి గుడ్డ చుట్టిన సంచిలో తెచ్చుకుంటున్నాను.

గడువు దాటిన ప్యాకెట్లున్నాయి, రెట్టింపు మోతాదు వేస్తే సరిపోతుందా?

సరిపోతుందో లేదో చెప్పడానికి మన దగ్గర ఆధారం ఉండదు. సగమే చచ్చి ఉంటే రెట్టింపు చాలు, వెయ్యో వంతే మిగిలి ఉంటే ఎంత వేసినా చాలదు. వాటిని పెంటకుప్పలో కలిపేసి కొత్తవి తెచ్చుకోండి. డీఏపీ కట్ట ధరతో పోలిస్తే దీని ఖర్చు ఎంతని?

## విత్తనానికి పట్టించే రోజు

ఎకరానికి ఎన్ని ప్యాకెట్లు కావాలి?

లెక్క ఎకరాన్ని బట్టి కాదు, విత్తనం బరువును బట్టి. 200 గ్రాముల ప్యాకెట్ 8 నుంచి 10 కిలోల విత్తనానికి వస్తుంది. ఖరీఫ్ కంది ఎకరాకు రెండు మూడు కిలోలే పడుతుంది కాబట్టి ఒక్క ప్యాకెట్ వాడినా ఇంకా మిగులుతుంది. మాగాణి మినుము 16 కిలోల దాకా చల్లుతాం, రెండు కావాలి. జేజీ 11 లాంటి దేశవాళీ శనగ 25 నుంచి 30 కిలోలు, మూడు నాలుగు కావాలి, కాబూలీ అయితే గింజ లావు, విత్తనం ఇంకా ఎక్కువ, ప్యాకెట్లూ ఇంకా పెరుగుతాయి. ఎకరా శనగకు ఒకే ప్యాకెట్ కలిపి "ఏం పనిచేయలేదు" అనేవాళ్లను చాలామందిని చూశాను. గింజకు పావు వంతే అందితే ఫలితం కూడా అలాగే ఉంటుంది.

పట్టించే పద్ధతి మొదటి నుంచి చివరిదాకా చెప్పండి.

ముందు రోజు రాత్రో, తెల్లవారుజామునో 100 మిల్లీలీటర్ల నీళ్లలో 10 గ్రాముల బెల్లం వేసి పది నిమిషాలు మరిగించండి, బెల్లం బదులు పంచదారైనా గంజి పొడైనా సరే. పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉన్నా పోయకండి, పొద్దున తొందరలో చాలామంది చేసే పొరపాటు ఇదే. విత్తనాన్ని పాలిథీన్ సంచిలోనో, శుభ్రమైన పట్టా మీదో పోసి, ఎనిమిది కిలోలకు ఈ 100 మిల్లీలీటర్ల పాకం చిలకరించి, గింజ గింజకూ తడి అంటేలా కుదపండి. ఆ తర్వాత పొడి చల్లుతూ మళ్లీ నెమ్మదిగా కలపండి, ప్రతి గింజ నల్లగా పూతపూసినట్టు కనిపించాలి. చెట్టు నీడలో పల్చగా ఆరబోయండి, అరగంటకు గింజలు ఒకదానికొకటి అంటుకోకుండా జారుతాయి. పైపు నీళ్లలో క్లోరిన్ కలుపుతారు కాబట్టి, మరిగించకుండా వాడే పనైతే బావి నీళ్లో, బోరు నీళ్లో తీసుకోండి. ఎండలో మాత్రం ఆరబెట్టకండి, ఎండ, పొడి గాలి రెండూ దాన్ని చంపుతాయి.

తెగులు మందు, పురుగుమందు కూడా పట్టించాలి కదా, ఏది ముందు?

ముందు శిలీంద్రనాశిని, అది ఆరాక పురుగుమందు, అందరికంటే చివర రైజోబియం. మందులు పట్టించిన మర్నాడు రైజోబియం పట్టిస్తే మంచిది, మందు ఆరి గింజకు పట్టుకుపోయి ఉంటుంది. మూడూ కలిపి ఒకే ముద్దగా పట్టించడం మాత్రం పూర్తిగా తప్పు. రాగి ఉన్న మందులు, క్యాప్టాన్ బ్యాక్టీరియాకు బాగా చేటు. ఎండుతెగులు భయం ఉన్న చేలో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంద్రంతో విత్తనశుద్ధి చేసుకుంటే ఈ పేచీ చాలావరకు తప్పుతుంది, అది రైజోబియంతో సర్దుకుపోతుంది.

కంపెనీ విత్తనం గులాబీ రంగు మందు పట్టించి వచ్చింది, దాని మీద కల్చర్ పట్టించొచ్చా?

పట్టిస్తే కొంత చచ్చిపోతుంది. అలాంటప్పుడు గింజను వదిలేసి నేలకు ఇవ్వండి. బాగా చివికిన పశువుల ఎరువు యాభై నుంచి వంద కిలోలు తీసుకుని, చెమ్మగా ఉండేలా నీళ్లు చిలకరించి, రెండు కిలోల కల్చర్ కలిపి, సాయంత్రం పూట విత్తనం సాళ్లలో పడేలా వేయండి. ఖర్చు కొంచెం ఎక్కువవుతుంది, పనిమాత్రం జరుగుతుంది. పచ్చి పేడతో కలపకండి, దాని వేడికి ఏదీ బతకదు.

వేరుశనగ పప్పుకు పట్టిస్తే పైపొర ఊడి గింజ చీలిపోతోంది, ఎలా?

వేరుశనగ పొర చాలా సున్నితం, తడి ఎక్కువైతే ఉబ్బి ఊడుతుంది. పాకం తక్కువ వాడి, సంచిలో కుదపకుండా పట్టా మీద పరిచి చేతులతో అటూ ఇటూ తేలిగ్గా దొర్లించండి. అనంతపురం, కదిరి వైపు పెద్ద విస్తీర్ణంలో ట్రాక్టర్ గొర్రుతో వేసేవాళ్లకు ఇది కుదరని పని, చివికిన ఎరువులో కలిపి సాళ్లలో వేసుకోవడమే సులువు. వేరుశనగలో బ్యాక్టీరియా పక్కవేర్లు పుట్టే చోట ఏర్పడే సన్నటి పగుళ్ల గుండా లోపలికి పోతుంది కాబట్టి, వేరు చుట్టూ ఉన్న మట్టిలో ఉన్నా అది దారి చూసుకుంటుంది.

మాగాణి మినుము వరి కోతకు ముందు చల్లేస్తాం, అక్కడ కల్చర్ వల్ల ఉపయోగం ఉంటుందా?

అక్కడే ఎక్కువ ఉంటుందని నా నమ్మకం. నెలల తరబడి నీళ్లు నిలిచిన వరి చేలో మినుముకు కావలసిన బ్యాక్టీరియా బాగా తగ్గిపోయి ఉంటుంది. పైగా కోతకు రెండు మూడు రోజుల ముందు నిలబడ్డ వరిలో చల్లే పంటకు దుక్కీ లేదు, దుక్కి ఎరువూ లేదు. కృష్ణా, గుంటూరు, గోదావరి డెల్టాల్లో ఈ పైరు బతికేదే నేలలో మిగిలిన తడి మీద, వరి వదిలేసిన ఎరువు మీద. సాల్లో వేసే అవకాశమూ లేదు కాబట్టి గింజకు పట్టించడం ఒక్కటే దారి. చల్లే రోజు పొద్దున్నే పట్టించి, నీడలో ఆరబెట్టి, ఎండ తగ్గాక చల్లండి. వరి దుబ్బుల నీడ, నేల చెమ్మ రెండూ దానికి అనుకూలమే.

పట్టించాక వాన పడి రెండు రోజులు విత్తలేకపోయాం, పనికొస్తుందా?

విత్తనం పనికొస్తుంది. మీద ఉన్న బ్యాక్టీరియా మాత్రం చాలావరకు పోయి ఉంటుంది. పట్టించిన రోజే విత్తాలి, తప్పకపోతే మర్నాడు. రెండు రోజులు దాటితే మళ్లీ కొత్త ప్యాకెట్‌తో పట్టించుకోండి, గింజకు బూజు పట్టిందేమో ముందు చూసుకోండి.

డీఏపీలో కల్చర్ కలిపి ఒకేసారి గొర్రులో పోస్తే పని తగ్గుతుంది కదా?

పని తగ్గుతుంది, బ్యాక్టీరియా కూడా చస్తుంది. ఎరువు ఉప్పు దాని ఒంట్లో నీటిని లాగేస్తుంది. విత్తనానికి ఒక పెట్టె, ఎరువుకు ఒక పెట్టె ఉన్న గొర్రు వాడండి, లేదా డీఏపీని ఆఖరి దుక్కిలో ముందే వేసేయండి.

వాన రాకముందే పొడి దుక్కిలో విత్తుతాం, అప్పుడు?

పొడి మట్టిలో, వేడి నేలలో రోజుల తరబడి గింజ పడి ఉంటే కల్చర్ మిగలదు. పదును చూసి విత్తే వీలుంటే అలాగే చేయండి. తప్పదనుకుంటే కొంచెం లోతుగా పడేలా విత్తండి, పైన పడ్డ గింజల కంటే లోపలి వాటి మీద కొంత బతికే అవకాశం ఉంటుంది.

## పైరు మీద ఉన్నప్పుడు

బుడిపెలు కట్టాయో లేదో ఎప్పుడు, ఎలా చూడాలి?

విత్తిన మూడు వారాలకు చిన్నగా కనబడతాయి, పూత మొదలయ్యే రోజులకు నిండుగా ఉంటాయి. మొక్కను పట్టుకుని పీకకండి, బుడిపెలు మట్టిలోనే తెగిపోయి "ఏమీ లేవు" అనిపిస్తుంది. నేల కాస్త చెమ్మగా ఉన్నప్పుడు పారతో జానెడు లోతున చుట్టూ తవ్వి, మట్టిగడ్డతో సహా ఎత్తి బకెట్ నీళ్లలో పావుగంట నానబెట్టండి, మట్టి దానంతటదే జారిపోతుంది. చేలో నాలుగైదు చోట్ల చూడండి. పెసర, మినుము, సోయాలో గుండ్రంగా ఆవగింజ నుంచి మిరియం అంత ఉంటాయి, శనగలో అల్లం కొమ్ముల్లా పాయలు పాయలుగా ఉంటాయి. కంది వేరు లోతుకు పోతుంది, బుడిపెలు కూడా తేలిగ్గా రాలిపోతాయి, దాని దగ్గర ఓపిక కావాలి.

బుడిపెలున్నాయి గానీ పనిచేస్తున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?

గోటితో చీల్చండి. లోపల గులాబీగానో, ఎర్రగానో ఉంటే పనిచేస్తున్నట్టు. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్‌ది, మన నెత్తురుకు రంగిచ్చే హీమోగ్లోబిన్‌కు చుట్టం. నత్రజనిని మార్చే ఎంజైముకు ఆక్సిజన్ ఎక్కువైతే పడదు, బ్యాక్టీరియా ఊపిరికి మాత్రం ఆక్సిజన్ కావాలి, ఆ రెంటికీ సరిపోయేలా కొలిచి అందించేది ఈ ఎర్ర పదార్థమే. తెల్లగా ఉంటే ఇంకా లేతవో, పనిలేనివో అయి ఉంటాయి, వారం తర్వాత మళ్లీ చూడండి. ఆకుపచ్చగా, గోధుమరంగుగా ఉంటే వయసు అయిపోయినవి. కాయలు నిండే దశలో అలా మారడం సహజం, పూతలోనే అలా ఉంటే బెట్టో, నీటి ముంపో, పోషక లోపమో వెతకాలి. మొదటిసారి గోటి మీద ఆ ఎరుపు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు, మీరూ తప్పకుండా చూడండి.

వేరు మీద ఉన్నవి బుడిపెలా, నులిపురుగు కాయలా?

రెండు వేళ్లతో తోయండి. రైజోబియం బుడిపె వేరుకు పక్కన అతికించినట్టు ఉంటుంది, తోస్తే ఊడి వస్తుంది, వేరు మామూలుగానే ఉంటుంది. నులిపురుగు కాయ అంటే వేరు తానే ఉబ్బి లావెక్కడం, ఊడదు, లాగితే వేరు తెగుతుంది.

ఆకులు పసుపుపచ్చగా మారాయి, కల్చర్ పనిచేయలేదనేనా?

ఏ ఆకులు, ఎలా మారాయన్నది చూడాలి. కింది ముదురాకులు మొత్తం ఒకే తీరుగా పాలిపోతే నత్రజని లోపం, అప్పుడు బుడిపెల మీద అనుమానపడండి. పై లేతాకులు పసుపుగా మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం, సున్నం ఎక్కువున్న నల్లరేగళ్లలో శనగకు, వేరుశనగకు వస్తుంటుంది. మినుము, పెసరలో ఆకు మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగలిసి, రోజురోజుకూ ఆకంతా పసుపైతే అది పల్లాకు తెగులు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికీ కల్చర్‌కూ సంబంధం లేదు, యూరియా వేస్తే నయమూ కాదు. ఒకటీ అరా మొక్కలున్నప్పుడే పీకి తగలబెట్టి, తెల్లదోమ సంగతి చూసుకోండి.

నెల దాటింది, బుడిపెలే లేవు. ఇప్పుడేం చేయాలి?

ఇప్పుడు కల్చర్ చల్లినా వేళ మించిపోయినట్టే. పైరును కాపాడుకోవడం చూడండి, కింది ఆకులు పాలిపోతుంటే తడి ఉన్నప్పుడు కొద్దిగా యూరియా వేసుకోండి, లేదా లీటరుకు 20 గ్రాముల చొప్పున యూరియా కలిపి ఆకుల మీద పిచికారీ చేయండి. ఆ తర్వాత కారణం వెతకండి: ప్యాకెట్ పంట పేరు సరైనదేనా, ఎండలో ఉందా, మందుతో కలిపారా, చౌడు నేలా, ముందు పంటకు వేసిన యూరియా ఎక్కువ మిగిలి ఉందా. కారణం దొరక్కపోతే వచ్చే ఏడు కూడా ఇదే జరుగుతుంది.

వానకు చేలో నీళ్లు నిలిచాయి, బుడిపెలు చస్తాయా?

బుడిపెలకు గాలి కావాలి. ఒక పూట నిలిస్తే తట్టుకుంటాయి, రెండు మూడు రోజులు నిలిస్తే పని ఆగిపోతుంది, కుళ్లడం కూడా మొదలవుతుంది. కాలువలు తీసి నీటిని బయటికి పంపడం కంటే మంచి మందు లేదు. బెట్టకూ అంతే, నేల ఎండేకొద్దీ బుడిపెల పని తొందరగా మందగిస్తుంది, నీటి వసతి ఉంటే పూతకు ముందు ఒక తడి ఇవ్వండి.

విత్తిన వెంటనే కలుపు మందు కొడతాం, దానికి బ్యాక్టీరియా పోతుందా?

పెండిమిథాలిన్ లాంటివి సిఫారసు చేసిన మోతాదులో కొడితే చెప్పుకోదగ్గ నష్టం ఉండదు. మోతాదు పెంచితే ముందు దెబ్బతినేది పైరు వేరు, వేరు బాగాలేని మొక్కకు బుడిపెలూ ఉండవు.

## కోత, ఆ తర్వాత

అపరాల తర్వాత వేసే పంటకు యూరియా తగ్గించుకోవచ్చా?

కొంత తగ్గించవచ్చు, ఎంత అన్నది చేలో ఏం మిగిల్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. గాలి నుంచి పట్టిన నత్రజనిలో ఎక్కువ భాగం గింజలోకే పోతుంది, గింజను మనం ఇంటికి తెచ్చుకుంటాం. నేలకు దక్కేది రాలిన ఆకు, వేర్లు, బుడిపెలు. కంది ఆకు బాగా రాలుస్తుంది, తాండూరు వైపు కంది చేలల్లో కోత నాటికి సాళ్ల మధ్య ఆకు పరుపులా ఉంటుంది. పెసర రెండు కోతలు కోసి మొక్కను అక్కడే కలియదున్నితే నేలకు చాలా చేరుతుంది. అదే మినుము మొక్కలను మొదలంటా పీకి కళ్లానికి తెచ్చి, పొట్టు పశువులకు వేసి, మోళ్లు తగలబెట్టిన చేలో తర్వాతి పంటకు మిగిలేది తక్కువ. భూసార పరీక్ష చేయించి తగ్గించుకోండి, అంచనాతో వద్దు.

పట్టించిన విత్తనం మిగిలిపోయింది, పశువులకు పెట్టొచ్చా?

ఒక్క రైజోబియమే పట్టించి ఉంటే విషం కాదు, మనుషులకూ పశువులకూ అది హాని చేయదు. శిలీంద్రనాశినో పురుగుమందో ఒక్కసారి తగిలినా ఆ గింజ ఎవరూ తినకూడదు, ఎన్నిసార్లు కడిగినా సరే. పిల్లలకు, కోళ్లకు అందకుండా లోతుగా పాతిపెట్టండి.

నిజంగా పనిచేసిందని నాకు నేనే తేల్చుకోవాలంటే?

చేలో ఒక పక్క నాలుగు సాళ్లు పట్టించని విత్తనంతో వేయండి. ఆ సాళ్లను ముందు విత్తాలి, పట్టించింది ముందు విత్తితే గొర్రులో, చేతులకు మిగిలిన పొడి ఈ విత్తనానికి కూడా అంటుకుంటుంది. ఎరువు, నీరు, మందు రెండింటికీ ఒకటే. పూత రోజున రెండు వైపులా ఐదేసి మొక్కలు తవ్వి బుడిపెలు లెక్కపెట్టి, చీల్చి రంగు చూసి, పుస్తకంలో రాసుకోండి. కోతప్పుడు ఆ నాలుగు సాళ్లు, పట్టించిన వాటిలో పక్కనున్న నాలుగు సాళ్లు విడివిడిగా నూర్చి, గోతాలు కలిసిపోకుండా గుర్తు పెట్టి, రెండూ ఒకే కాటా మీద తూచండి.